కొండెక్కిన రాజధాని

హంపీ పాడుపడ్డాక విజయనగరం పాతికేళ్లపాటు ఊపిరి పీల్చుకున్నది పెనుకొండలో. ఇప్పుడా ఊరు కార్ల ఫ్యాక్టరీకి చిరునామా

బెంగళూరు-హైదరాబాద్ జాతీయ రహదారి మీద వెళ్లేవారికి పెనుకొండ అంటే ఇప్పుడు కియా. కొరియా కంపెనీ వారి విశాలమైన ఫ్యాక్టరీ, బారులు తీరిన కొత్త కార్లు, చుట్టుపక్కల కొరియన్ లిపిలో బోర్డులు. ఆ హడావుడి దాటి కళ్లు పైకెత్తితే, గుండ్రాళ్లు ఒకదానిమీదొకటి ఎవరో పేర్చినట్టున్న కొండ కనిపిస్తుంది. కొండ మీదా, దాని పాదాల దగ్గరా కోటగోడ ముక్కలు. దక్షిణ భారతాన్ని రెండు శతాబ్దాలకు పైగా ఏలిన సామ్రాజ్యం ఓడిపోయి వచ్చి తలదాచుకున్నది ఆ గోడల వెనకే.

ఆ సంగతిని మొదట లోకానికి చెప్పినవారిలో ఒకడు ఇటలీ కొండల్లో పుట్టినవాడు. పేరు చెజారే ఫెదెరీచి. ఆల్ప్స్ పర్వతాల నడుమ వాల్ కమోనికా అనే లోయలో ఎర్బానో అతని ఊరు. సరుకులమ్మి డబ్బు చేసుకుందామని 1563లో వెనిస్ నుంచి బయల్దేరి, పెగూ దాకా తిరిగి, 1581లో ఇల్లు చేరాడు. 1587లో తన యాత్ర గురించి పుస్తకం అచ్చు వేశాడు. మరుసటి ఏడే అది ఇంగ్లిష్‌లోకి వచ్చింది. 1567లో అతను విజయనగరంలో ఉన్నాడు. అంటే తళ్లికోట యుద్ధం జరిగిన రెండేళ్లకు. నెల రోజుల్లో అయిపోయే పనికి ఏడు నెలలు అక్కడే చిక్కుకుపోయాడు, దారుల్లో దొంగల భయం వల్ల. నగరం మొత్తం నేలమట్టం కాలేదనీ, ఇళ్లు నిలబడే ఉన్నాయనీ, కాకపోతే వాటిలో కాపురముంటున్నది పులులూ అడవి జంతువులేననీ రాశాడు. రాజు మాత్రం పరివారంతో సహా ఎనిమిది రోజుల ప్రయాణ దూరంలో ఉన్న పెనెగొండె అనే కోటకు మకాం మార్చాడన్నాడు.

ఆ పెనెగొండే ఈ పెనుకొండ. నేటి శ్రీసత్యసాయి జిల్లాలో రెవెన్యూ డివిజన్ కేంద్రం. అనంతపురం నుంచి దక్షిణంగా 70 కిలోమీటర్లు. గోదావరి జిల్లాల వారు తమ ఊరనుకుంటే పొరపాటే, వాసవీ కన్యకాపరమేశ్వరి పెనుగొండ వేరు. శాసనాల్లో దీని పేరు ఘనగిరి. పెద్ద కొండ అనే అర్థాన్నే సంస్కృతంలో చెప్పుకున్నారు.

నిజానికి ఫెదెరీచి కంటే దాదాపు 150 ఏళ్ల ముందే మరో ఇటాలియన్ ఈ దారిన వచ్చాడు. వెనిస్ దగ్గరి కియోజా ఊరివాడు నికోలో కాంటి. పాతికేళ్లు ప్రాచ్యదేశాలు తిరిగాడు. దారిలో ప్రాణభయంతో మతం మార్చుకున్నందుకు పోప్‌ను క్షమాపణ వేడుకుంటే, ప్రాయశ్చిత్తంగా తన యాత్ర మొత్తాన్ని పోప్ కార్యదర్శి పోజోకు పూసగుచ్చినట్టు చెప్పాల్సి వచ్చింది. ఆ కథనంలో విజయనగరం తర్వాత వచ్చేది పెలగొండ. చుట్టుకొలత పది మైళ్లనీ, గొప్ప నగరమనీ వర్ణించాడు. అక్కడినుంచి తీరానికి పోతూ ఎర్రచందనం పెరిగే మరో రెండు పట్టణాలు దాటాడు. చరిత్రకారులు వాటిని ఉదయగిరి, చంద్రగిరిగా గుర్తించారు. తెలుగును తూర్పుదేశపు ఇటాలియన్ అన్నది ఈ కాంటీయేనని మన సభల్లో వక్తలు తరచూ సెలవిస్తుంటారు. పోజో రాసిన కథనంలో ఆ మాట లేదు. పెనుకొండ మాత్రం ఉంది. వక్తలకు లేనిది గుర్తుండి, ఉన్నది గుర్తులేకపోవడం వింతే.

ఊరి చరిత్ర రాజధాని కావడంతో మొదలు కాలేదు. మొదటి బుక్కరాయలి కాలంలో, 1354లో, ఈ సీమను ఆయన కొడుకు వీరవిరుపన్న ఒడయరుకు అప్పగించినట్టు శాసనం చెబుతోంది. అప్పటినుంచీ ఇది సామ్రాజ్యానికి రెండో ఇల్లు. హంపీలో ఎండలు మండినా, శత్రువు మండినా రాజులు చూసేది ఇటువైపే. లేపాక్షిలో వీరభద్రాలయం కట్టించిన విరూపణ్ణ అచ్యుతరాయల కాలంలో పెనుకొండ కోశాధికారి. రాజు అనుమతి లేకుండా ఖజానా డబ్బు గుడికి ఖర్చు పెట్టాడన్న నింద రాగానే, శిక్ష పడకముందే తన కళ్లు తానే పీకి గోడకేసి కొట్టుకున్నాడని స్థలపురాణం. ఆ మరకలివేనని గైడ్లు ఇప్పటికీ చూపిస్తారు. శ్రీకృష్ణదేవరాయలు తిమ్మరుసును కళ్లు పీకించి చెరలో వేయించాడన్న కథకు కూడా స్థానికులు చూపే చోటు పెనుకొండే. రాయల కొడుకు మరణం, మంత్రి మీద అనుమానం, కళ్లు తీయించడం పోర్చుగీసు వ్యాపారి నూనిజ్ రాసినవే. చెర ఎక్కడన్నది మాత్రం జనం చెప్పుకునే మాట. ఊళ్లో తిమ్మరుసు బందీఖానా ఉంది, సమాధి ఉంది. కళ్లు పోగొట్టుకున్నవారి కథలు ఈ ఊరికి మరీ ఎక్కువ.

1565 జనవరి 23న కృష్ణా తీరంలో అళియ రామరాయలు తల తెగింది. తమ్ముడు తిరుమలరాయలు హంపీకి పరుగున వచ్చి, చేతికందిన సొమ్మంతా ఏనుగుల కెత్తించాడు. 550 ఏనుగులని రాబర్ట్ సూయెల్ తన 1900 నాటి పుస్తకంలో రాశాడు. ఆ బరువుతో పాటు మరొకరినీ వెంట తీసుకెళ్లాడు. అతడు పేరుకు చక్రవర్తి, నిజానికి ఖైదీ అయిన సదాశివరాయలు. రాజలాంఛనాలతో, సింహాసనంతో పెనుకొండ చేరింది ఆ ఊరేగింపు. మధ్యలో తిరుమలరాయలు హంపీని మళ్లీ నిలబెట్టాలని చూడకపోలేదు. పారిపోయిన జనాన్ని పిలిచాడు. గుర్రాల వ్యాపారులకు కబురు పెట్టాడు, పాత బాకీలు సైతం తీరుస్తానన్నాడు. తీరా గుర్రాలు వచ్చాక, వాటిని ఉంచేసుకుని వ్యాపారులను వట్టి చేతులతో పంపించేశాడని ఫెదెరీచి రాశాడు. ఇటువంటి షరాబుల్ని నమ్మి నగరం నిండదు. 1567లో ఆశ వదులుకుని పెనుకొండలోనే స్థిరపడ్డాడు.

సదాశివుడి గతి ఏమైంది? చెరలో ఉన్న అసలు రాజును తిరుమలరాయల కొడుకు చంపించాడనీ, అందుకే సామంతులు కొత్త ప్రభువును ఒప్పుకోలేదనీ ఫెదెరీచి ఉన్నప్పుడే చెప్పుకుంటున్నారు. అయితే ఆ తర్వాత కూడా కొన్నేళ్లపాటు సదాశివుడి పేరుతో శాసనాలు వెలువడ్డాయి. దాంతో ఈ వెనిస్ వ్యాపారి చెవిన పడింది వదంతేనని కొందరు చరిత్రకారుల వాదన. 1570 ప్రాంతంలో తిరుమలరాయలు తన పేరుతోనే పట్టాభిషేకం చేసుకున్నాడు. విజయనగర నాలుగో వంశం, ఆరవీటి వారిది, అధికారికంగా మొదలైంది ఇలా ఓ కొండ కింద.

ఓడిన కొలువే కావచ్చు, వన్నె తగ్గలేదు. రామరాజభూషణుడు తన వసుచరిత్రను అంకితమిచ్చింది ఈ తిరుమలరాయలికే. తెలుగు ప్రబంధాల్లో సంగీతానికి పెట్టింది పేరైన కావ్యం, ఖజానా సగం ఖాళీ అయి సరిహద్దుల్లో శత్రువు కాచుకున్న రాజు చేతికి వెళ్లిందన్నది పాఠాల్లో చెప్పరు. అష్టదిగ్గజాల లెక్క పూర్తిచేసే హడావుడిలో కవిని హంపీలో కూర్చోబెట్టి వదిలేస్తారు.

ఊళ్లోకి వెళ్తే ఆ కొలువు ఆనవాళ్లలో ముందు చూడాల్సింది గగన్‌మహల్. పేరుకు తగ్గ ఎత్తేమీ కాదు. రెండంతస్తుల మేడ, పైన మెట్లు మెట్లుగా తగ్గుతూ పోయే గోపురం లాంటి కట్టడం. కింద కమానులు, గచ్చుపూత, గోడల్లో గూళ్లు. గుడి శిఖరాన్నీ సుల్తానుల కమానునూ ఒకే తాపీమేస్త్రీ కలిపి కట్టాడన్నట్టు ఉంటుంది. సుల్తానుల చేతిలో చావుదెబ్బ తిన్న రాజులు సుల్తానుల శైలిలో మేడ కట్టుకోవడమేమిటని తొలిసారి చూసినవారు ఆశ్చర్యపోతారు. విజయనగర రాజులు 14వ శతాబ్దం నుంచే తమను హిందూరాయ సురత్రాణులమని పిలుచుకున్నారు. సురత్రాణుడంటే సుల్తానే. పట్టువస్త్రం మీద కుళ్లాయి, కొలువులో తురుష్క సైనికులు, మేడకు కమాను. తళ్లికోటను రెండు మతాల యుద్ధంగా మాత్రమే చదువుకున్నవారికి ఈ మేడ ఓ చిక్కుముడి.

ఇలాంటి చిక్కుముడులు ఊరి నిండా ఉన్నాయి. యోగరామస్వామి గుడి, శివాలయం పక్కపక్కనే. ఒకదాని గోడల నిండా రామకథ వరుసగా సాగిపోతే, రెండోదాని గోడలది శివలీలల వరుస. కాస్త దూరంలో షేర్‌ఖాన్ మసీదు. అది గుడి పనిముట్లు పట్టిన చేతుల పనేనని రాతి నగిషీయే చెబుతుంది. ఇంకో వీధిలో పార్శ్వనాథుడి బసది, అందులో పచ్చరాతి విగ్రహం. ఢిల్లీ, కొల్హాపూర్, జినకంచిలతో పాటు పెనుకొండను నాలుగు విద్యాస్థానాల్లో ఒకటిగా జైనులు లెక్కిస్తారు. ఒకప్పుడు ఇక్కడ ఏడాదికి సరిపడా, రోజుకొకటి చొప్పున 365 గుళ్లుండేవని స్థానికులంటారు. ఆ లెక్క ఎవరూ సరిచూసింది కాదు గానీ, ఏ సందులోకి తొంగిచూసినా ఓ పాత మండపమో, సగం మట్టిలో కూరుకుపోయిన రాతిస్తంభమో కనిపిస్తుంది. పక్కనే దానికి తాడు కట్టి ఆరేసిన బట్టలు కూడా.

అన్నిటికంటే జనం కిటకిటలాడేది బాబయ్య దర్గా. బాబా ఫక్రుద్దీన్ సీస్తాన్ నుంచి వచ్చిన రాజకుటుంబీకుడనీ, తిరుచిరాపల్లి నతర్ వలీకి శిష్యుడనీ భక్తుల నమ్మకం. గురువు ఓ పుల్ల చేతికిచ్చి, ఇది ఎక్కడ చిగురిస్తే అక్కడ ఆగిపొమ్మన్నాడట. చిగురించింది పెనుకొండలో. 13వ శతాబ్దపు మాట, అంటే విజయనగరం ఇంకా పుట్టక ముందే. రాయలసీమలోని దూదేకుల కుటుంబాలకు ఇది ఇంటి దేవుడి గుడితో సమానం. హిందువులూ అంతే శ్రద్ధగా వస్తారు. ఉరుసుకు కర్ణాటక, తమిళనాడుల నుంచీ జనం. పెనుకొండకు హంపీ పర్యాటకుల్లో పదో వంతు కూడా రారన్న బాధ చరిత్ర ప్రియులది. బాబయ్య భక్తుల్లో ఎవరికీ అలాంటి బాధ లేదు.

కొండ ఎక్కడం ఓపిక ఉన్నవారి పని. పొద్దున్నే మొదలుపెట్టాలి. పదయితే రాళ్లు పెనంలా కాలతాయి. దారి పొడవునా బురుజులు, వాకిళ్లు, కొండరాళ్ల నడుమ వాననీళ్లు ఆపుకున్న కోనేళ్లు, పైన నరసింహస్వామి గుడి. పైనుంచి చూస్తే ఈ ఊరినే ఎందుకు ఎంచుకున్నారో మాటల్లో చెప్పనవసరం లేదు. నలువైపులా పొట్టి గుట్టలు, వాటి మధ్య మైదానం, అందులో ఏ దిక్కునుంచి సైన్యం వచ్చినా రేగే దుమ్ము ముందే కంటబడుతుంది.

అలాంటి దుమ్ము 1589 ప్రాంతంలో ఉత్తరం నుంచి లేచింది. వచ్చినవాడు ఆ తర్వాత రెండేళ్లకే హైదరాబాద్ నగరానికి పునాది వేసిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా. కోటలో వెంకటపతి రాయలు. గోల్కొండ సైన్యం చుట్టుముట్టడంతో రాజీకి సిద్ధమని రాయలు కబురంపాడు. సుల్తాను నమ్మి ముట్టడి సడలించి, కాస్త వెనక్కి జరిగాడు. దొరికింది మూడే రోజులు. ఆ మూడు రోజుల్లో కోటలోకి ధాన్యం చేరింది, మందుగుండు చేరింది, చెన్నపట్టణం జగదేవరాయలు తుపాకీ దళాలతో వచ్చి చేరాడు. నాలుగో రోజు రాజీ మాట లేదు. గోల్కొండ వారు తిరిగి ముట్టడించినా లాభం లేకపోయింది. వానాకాలం ముంచుకొస్తోంది, కృష్ణ పొంగితే ఇంటిదారి మూసుకుపోతుంది. సుల్తాను వెనుదిరిగాడు. ఈ కథ రాసింది గోల్కొండ చరిత్రకారులే. మోసపోయామని ఒప్పుకున్నారు గనక నమ్మొచ్చు. చార్మినార్ చరిత్ర చదివే పిల్లలకు, దాన్ని కట్టించినవాణ్ని ఓ చిన్న కొండకోట ఇలా తిప్పి పంపిందన్న సంగతి చెప్పేవారు అరుదు.

గెలిచిన కోటనే రాయలు వదిలేశాడు. సరిహద్దు మరీ దగ్గరైపోయింది. 1590ల తొలి ఏళ్లలో రాజధాని చంద్రగిరికి, అక్కడినుంచి వేలూరుకు జారుతూ పోయింది. ఆ వంశపు రాజ్యంలోనే 1639లో ఇంగ్లిష్ వ్యాపారులకు మద్రాసు తీరం దక్కింది. పెనుకొండ 17వ శతాబ్దం మధ్యలో బీజాపూర్‌కు చిక్కి, మరాఠాల చేతులు మారి, హైదర్, టిప్పుల కిందికి వచ్చింది. 1800లో నిజాం దత్తత మండలాలను కుంపిణీకి రాసిచ్చినప్పుడు వాటితో పాటు అదీ పోయింది.

రాజులు పోయారు, కాగితాలూ పోయాయి. ఊరూరా కైఫీయతులు రాయించిన కల్నల్ మెకంజీ సర్వేయర్ జనరల్ అయ్యాక తన సేకరణను మద్రాసు నుంచి కలకత్తాకు తరలించాడు. ఆ పని వెనుక శ్రమ కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులది. 1806 వేలూరు తిరుగుబాటు తర్వాత టిప్పు కుమారులను పంపిందీ కలకత్తాకే. రాయలసీమ కోటల కథలు, వాటిని ఏలిన చివరి వంశం అలా హుగ్లీ ఒడ్డున కలిశాయి. మెకంజీ 1821లో అక్కడే కన్నుమూశాడు. ఏక్‌బాల్‌పూర్ నుంచి బస్సెక్కి పార్క్ స్ట్రీట్ పాత శ్మశానవాటికలో దిగే తెలుగువారికి ఆయన సమాధి ఇవాళా కనిపిస్తుంది. దక్షిణాది భాషల రాతప్రతులు 1828లో మద్రాసుకు తిరిగొచ్చాయి గనక సరిపోయింది. లేకుంటే మన ఊళ్ల చరిత్ర కోసం ఆ మహానగరం చుట్టూ తిరగాల్సొచ్చేది.

పెనుకొండకు తనదంటూ ఓ కవి దొరికింది మాత్రం 20వ శతాబ్దంలో. 1914లో పుట్టిన పుట్టపర్తి నారాయణాచార్యులు ఈ వీధుల్లోనే పెరిగాడు. సబ్‌కలెక్టర్ భార్య పిట్ దొరసాని దగ్గర ఇంగ్లిష్ సాహిత్యం చదువుకున్నాడు. పాడుపడ్డ కోటను చూస్తూ మీసాలైనా సరిగా రాని వయసులో పెనుగొండ లక్ష్మి కావ్యం రాశాడు. తర్వాత విద్వాన్ పరీక్షకు కూర్చుంటే ఆ కావ్యమే పాఠ్యగ్రంథం. తన పుస్తకం మీద తానే జవాబులు రాయాల్సిన విద్యార్థి తెలుగులో మరొకడు ఉన్నట్టు లేదు.

ఆ కుర్రవాడు చూసిన కోటలో ఇప్పుడెంత మిగిలింది అన్నదే అసలు ప్రశ్న. రాయలసీమ కోటలన్నిటికీ పట్టిన గుప్తనిధుల పిచ్చి దీన్నీ వదల్లేదు. 550 ఏనుగుల కథ చరిత్రకారుడికి ఓ పాదసూచిక, గునపం పట్టినవాడికి చిరునామా. నంది కింద తవ్వుతారు, గర్భగుడిలో తవ్వుతారు, ఏమీ దొరక్క రాళ్లు పెళ్లగించి పోతారు. కోటరాళ్లు ఇళ్ల పునాదుల్లోకి చేరడం అంతకన్నా పాత అలవాటు. హంపీకి 1986లోనే ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. లేపాక్షి 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. ఆ రెండింటినీ కలిపే లంకె అయిన పెనుకొండకు ఆ గౌరవం లేదు. హంపీ కథ 1565తో ముగిసిందని నేర్చుకున్నాక దాని తరువాయి భాగం చూడాలని ఎవరికి తోస్తుంది?

ఫెదెరీచి పుట్టిన లోయ సంగతి వేరేగా ఉంది. వాల్ కమోనికాలో రాజధానులూ లేవు, రాజభవనాలూ లేవు. ఆదిమానవులు బండల మీద గీసిన బొమ్మలున్నాయి, లక్షా 40 వేలకు పైగా. 1955లో వాటి కోసం జాతీయ ఉద్యానవనం ఏర్పాటు చేశారు. 1979లో ఇటలీ నుంచి ప్రపంచ వారసత్వ జాబితాలోకి వెళ్లిన మొట్టమొదటి చోటు అదే. జింక బొమ్మ గీసిన బండ మీద కాలు పెట్టకుండా చెక్కదారులు వేసిన ఊళ్లవి. ఇటలీ కొండ పట్టణాలకు సొగసు పుట్టుకతో రాలేదు. గీత చెరిగిపోతే మళ్లీ గీయలేమన్న భయంతో వచ్చింది.

పెనుకొండకు డబ్బు రాలేదని కూడా అనలేం. హంద్రీ-నీవా కాలువ ద్వారా గొల్లపల్లి రిజర్వాయర్‌కు కృష్ణా నీళ్లొచ్చాయి. 2017లో ఒప్పందం కుదిరి, 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో ఏటా మూడు లక్షల కార్ల సామర్థ్యంతో కట్టిన కియా ఫ్యాక్టరీ 2019 డిసెంబర్ 5న లాంఛనంగా ప్రారంభమైంది. గుర్రాల కోసం పోర్చుగీసుల మొహం చూసి, వాటికి డబ్బు ఎగ్గొట్టిన రాజధాని, ఇప్పుడు కార్లను సముద్రాలు దాటిస్తోంది. వేరుశనగ తప్ప వేరే దిక్కులేని పల్లెల్లో ఆ జీతాల విలువ తక్కువేమీ కాదు. కరవుకు బెంగళూరు బస్సెక్కే జిల్లాలో కోటగోడ కంటే కొలువు ముందు అనుకోవడంలో తప్పూ లేదు. చిక్కల్లా ఒకటే. భూముల ధర పెరిగే కొద్దీ పాత మండపం ఉన్న స్థలం కూడా స్థలమే అవుతుంది.

చూడాలనుకునేవారికి ప్రయాణం కష్టమేమీ కాదు. ధర్మవరం-బెంగళూరు రైలు మార్గంలో పెనుకొండ స్టేషనుంది. పుట్టపర్తి లైను చీలేది ఇక్కడే. బెంగళూరు నుంచి కారులో రెండున్నర గంటలు చాలు. ఒక పూట కొండకు, ఒక పూట ఊరికి కేటాయించుకుని మరుసటి రోజు లేపాక్షికి వెళ్లొచ్చు. ఎండాకాలం వద్దు. నీళ్లు వెంట ఉండాలి. వివరం చెప్పే బోర్డుల మీద ఆశ పెట్టుకోకుండా, గగన్‌మహల్ దగ్గర కూర్చున్న ఓ పెద్దాయనను పలకరిస్తే నయం.

ఉత్తరం దిక్కున ఎర్రమంచి వాకిలి దగ్గర కాసేపు ఆగాలి. లోపల పదకొండు అడుగుల ఆంజనేయుడు రాతిలో నిలబడి ఉంటాడు, కోటలోకి వచ్చేవారిని తనిఖీ చేస్తున్నట్టు. వాకిలికి ఆ పేరు పెట్టింది ఆ దారి ఏ ఊరికి వెళ్తుందో ఆ ఊరును బట్టి. కియా ఫ్యాక్టరీ ఉన్నది ఆ ఎర్రమంచిలోనే.